చెట్టు చుట్టూ దారి

సుక్మా పట్టణ చరిత్రను ఎవరైనా పూనుకుని రాస్తే, అందులో ఒక అధ్యాయం సోడి లచ్చు పొద్దున్నే నీళ్లకు వెళ్లే దారికి కేటాయించక తప్పదు. రాజులు వేయించిన దారులకు శాసనాలుంటాయి, సర్కారు వేయించిన దారులకు శిలాఫలకాలుంటాయి. ఈ దారికి అలాంటివేమీ లేవు. దీన్ని వేసినవాడు ఒక్కడే, నడిచినవాడూ దాదాపు ఒక్కడే. అయినా పద్నాలుగేళ్లపాటు, ఏటా మామిడి పిందె పట్టిన నాటి నుంచి ఊళ్లో మామిడి పండుగ జరిగే దాకా, ఈ దారి ఒక్కరోజు కూడా మూతపడలేదు. ఆ మాట మన జాతీయ రహదారుల గురించి చెప్పగలవాళ్లు తక్కువ.

దారి వివరం ఇది. బస్టాండు వెనక సందులో, నలభై అడుగుల దూరంలో, పెంకుల కప్పుతో వరసగా నాలుగు గదులు. చివరి గది లచ్చుది. గది ముందు మామిడిచెట్టు, చెట్టుకు అవతల నల్లా. గుమ్మం నుంచి నల్లాకు చెట్టు కింద నుంచి తిన్నగా నడిస్తే పదకొండు అడుగులు. లచ్చు తిన్నగా నడవడు. వెళ్లేటప్పుడు తన గది గోడకూ చెట్టు మొదలుకూ మధ్య ఉన్న సందులోంచి వెళతాడు. అటువైపు కొమ్మలు పెంకుల్ని రాస్తున్నాయని ఇంటి యజమానురాలి భర్త ఎప్పుడో కొట్టించాడు కనుక ఆ సందు మీద కాయలు వేలాడవు. నిండు బకెట్టుతో ఆ సందులో నడిస్తే నీళ్లు తొణికి గోడ మొదలు తడుస్తుంది కనుక, వచ్చేటప్పుడు మాత్రం కొమ్మల నీడ దాటి, గేటు మీదుగా, ముప్ఫై అడుగులు చుట్టి వస్తాడు. రోజుకు మూడు బకెట్లు. అంటే చెట్టు చుట్టూ మూడు చుట్లు. తల వంచుకునే నడుస్తాడు, కాయల వైపు చూపు పోకుండా.

కారణం చెబితే చాలా చిన్నది. ఎర్రబోరు దాటాక రోడ్డు దిగి అడవిలోకి పోతే వచ్చే దోర్ల తెగవాళ్ల ఊరు అతనిది. అక్కడ పూజారి మామిడి పండుగ చేసి, కొత్త కాయ దేవతకు పెట్టేదాకా ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. ఊరు వదిలి పట్నంలో ఉన్నంత మాత్రాన ఊరి మనిషి కాకుండా పోడు కదా. తినకూడదనే ఊళ్లో చెప్పారు. అయితే లచ్చు ఈ గదిలో దిగిన మొదటి వేసవిలో, చెట్టు కింద నడుస్తుంటే ఒక కాయ రాలి అతని భుజం మీద పడింది. ఆ వారమే అతను ఎక్కించిన బస్సు ఇంజిరం దగ్గర ఆగిపోయి, జనమంతా రోడ్డున పడి అతన్ని పేరు పెట్టి తిట్టారు. ఈ సంగతి తల్లికి చెబితే ఆమె సానుభూతి చూపలేదు.

"పండగ కాకముందు దాని కింద నిన్నెవరు నిలబడుమన్నరు?" అంది.

అప్పటి నుంచి తినకూడదన్న నియమానికి లచ్చు సొంతంగా మూడు సవరణలు చేసుకున్నాడు. ముట్టుకోకూడదు. ముట్టించుకోకూడదు. కింద నడవకూడదు.

లచ్చు వృత్తి బస్సులకు జనాన్ని పిలవడం. కాగితాల్లో బుకింగ్ ఏజెంటు. తెల్లవారుజామున ఐదు గంటల బస్సుకు "దోర్నపాల్, ఎర్రబోరు, కుంట, భద్రాచలం" అని ఒకే ఊపిరిలో పిలుస్తాడు. కొన్నాళ్లుగా ఆ వరసలో జగర్గుండా కూడా చేరింది. అడవిలో గొడవలతో ఆ రోడ్డు మూతపడి, చాలా ఏళ్లు ఆ పేరును బస్టాండులో ఎవరూ పిలిచి ఎరగరు, పిలిచినా పోయే బస్సు లేదు. అందుకని ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి లచ్చు గొంతు కాస్త నిదానిస్తుంది. ప్రయాణికుడి చేతిలో సంచి చూసి హిందీ, హల్బీ, గోండి, తెలుగు వీటిలో ఏది మాట్లాడాలో తేల్చుకుంటాడు. పొరపాటు పడడం అరుదు. ఇంత మాటకారి ఇంటికొస్తే మాత్రం నోరు విప్పడు. గొంతు బస్టాండుకు అద్దెకిచ్చి, మిగిలింది దాచుకుంటాడని పక్క గది నవీన్‌కుమార్ అంటాడు.

ఐదు గంటల బస్సు ఉన్నవాడికి నలభై అడుగుల దూరంలో గది ఉండడం ఒక సౌకర్యం. కానీ ఆ గది విలువ అది కాదు. లచ్చు ఊరికి సుక్మాలో ఆ గదే దౌత్య కార్యాలయం. ఆసుపత్రికి వచ్చినవాళ్లు, ఆధార్‌లో వేలిముద్ర పడక తిరిగేవాళ్లు, కలెక్టరేట్లో సంతకం కోసం ఇవాళ కాదు రేపు అనిపించుకున్నవాళ్లు, ఆఖరి బస్సు తప్పిపోయినవాళ్లు అందరూ అక్కడే పడుకుంటారు. ఊరు నుంచి ఎవరు బయల్దేరినా "లచ్చు కాడ ఉంట" అంటారు తప్ప సుక్మా పోతున్నానని అనరు. ఒక్కో పూట ఆ పది అడుగుల గదిలో ఆరుగురు పడుకుంటే, లచ్చు గుమ్మంలో అడ్డంగా పడుకుంటాడు. వేసవిలో ఈ అతిథులు కూడా నీళ్లకు వెళుతూ లచ్చు వెనకాలే వరసగా, తల వంచుకుని, చెట్టు చుట్టూ తిరుగుతారు. ఎందుకని అడగరు. లచ్చు చేస్తున్నాడంటే ఏదో ఉండే ఉంటుందని వాళ్ల నమ్మకం.

ఈ నాలుగు గదులకూ యజమానురాలు పట్వారిన్. అసలు పేరు ఉన్నా, పోయిన భర్త భూములు కొలిచే పట్వారీ కనుక ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. రాయపూర్ వైపు మనిషి. భర్త కుంటలో పనిచేసిన తొమ్మిదేళ్లలో తెలుగు నేర్చుకుంది, దాంతోపాటు తెలుగులో తిట్టడం కూడా. ఆమె ఇల్లు ఆవరణకు అవతలి కొసన. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఆవరణను పరిపాలిస్తుంది. లచ్చు గదికి వచ్చిపోయే జనాన్ని చూసి వేరే యజమాని అయితే ఎప్పుడో గొడవ పెట్టేవాడు. ఈమె పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో లచ్చు ఎప్పుడూ ఆలోచించలేదు. మంచి మనిషి అనుకున్నాడు.

ఇంకో సంగతి కూడా అతను గమనించి ఊరుకున్నాడు. తను దిగిన రెండో ఏడు నుంచి చెట్టు మొదలుకు పసుపు, కుంకుమ కనబడసాగాయి. మూడో ఏడు ఎర్రదారం చుట్టారు. నాలుగో ఏడు మొదట్లో చిన్న అరుగు లేచి, దాని మీద దీపం వచ్చింది. పట్వారిన్‌కు ఈ చెట్టు దేవుడని లచ్చు గ్రహించాడు. ఇంటావిడ దేవుణ్ని గౌరవించడం కిరాయిదారు ధర్మం కనుక, ఆ దారిలో ఏ చెత్తా పడకుండా చూసేవాడు. నవీన్‌కుమార్ మోటారుసైకిలు సందులో పెడితే తీయించేవాడు. ఇంకో గదిలో ఉండే జోగే వంటచెరుకు అక్కడ పేరిస్తే మోసి అవతల పెట్టేవాడు. దొరికినప్పుడు రెండు పువ్వులు కూడా అరుగు మీద వేసేవాడు.

ఈ ప్రశాంతమైన పరిపాలనలోకి, ఈ ఏడు ఎండలు ముదిరే వేళ, కాలువ వచ్చింది.

వచ్చింది కాలువ కాదు, కాలువ తాలూకు మనిషి. అక్కడివాళ్లు నాలీ అనే మురుగు కాలువ పని పట్టిన ఠేకేదారు పంపితే వచ్చాడు. నెత్తిన తువ్వాలు కప్పుకుని, ఎండకు లోపలికి రాలేక గేటు దగ్గరే నిలబడి, ఒక కన్ను మూసి చూసి, కాగితం మీద గీత గీశాడు. వెనక సందులో నీళ్లు ఇటు నుంచి రోడ్డు కాలువలోకి పోవాలి. అందుకు గీత నేరుగా లచ్చు గది మీదుగా పోతుంది. గది పోకూడదనుకుంటే చెట్టు కొట్టాలి. రెండింట్లో ఏదో ఒకటి. వెంట వచ్చిన కుర్రాడి చేత చివరి గది గోడ మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టించి, వారం తర్వాత వస్తాను, ఆలోగా యజమానురాలు తేల్చుకోవాలని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పట్వారిన్ లచ్చును పిలిపించింది. కూర్చోమని పీట చూపించింది. ఆమె పీట చూపించిందంటే సంగతి మంచిది కాదని లచ్చుకు అర్థమైంది.

"లచ్చూ, నేను బాగ ఆలోచించిన. గది పోతే పోనీ. చెట్టును కొట్టనియ్య."

లచ్చు తలూపాడు. ఆమె దేవుడు ఆమె ఇష్టం.

"పద్నాలుగేండ్లు చూస్తున్న నిన్ను. ఎండాకాలం వస్తే చాలు, మూడు చుట్లు, ఒక్క పొద్దు తప్పవు. నీ కోసం వచ్చినోళ్లు గూడ అంతే. నీ దేవుణ్ని నా చేతుల కొట్టిస్తనా? ఆ పాపం నాకొద్దు. నువ్వు ఇంకో గది చూసుకో. చెట్టుకాడికి ఎప్పుడైన రా, గేటు తీసే ఉంటది."

రోజుకు నాలుగు భాషల్లో జనాన్ని పిలిచేవాడికి ఆ నిమిషాన ఒక్క భాషా అందలేదు. "సరే అమ్మా" అని లేచి వచ్చేశాడు.

గుమ్మం దగ్గర జోగే కూరగాయలు తరుగుతోంది. జగర్గుండా వైపు మనిషి, ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పెళ్లికి ముందు ఆరేళ్లు భద్రాచలం అవతల మిరపకాయ ఏరడానికి పోయి తెలుగు పట్టుకుంది. గది అరుగు మీద కోసి అనే ఆమె కూర్చుని ఉంది. లచ్చుకు మేనత్త వరస, కంటి ఆపరేషన్ అయి వారం వారం కట్టు మార్పించుకోవడానికి ఊరు నుంచి వచ్చి నాలుగేసి రోజులు ఉంటోంది. నవీన్‌కుమార్ అప్పుడే పని నుంచి వచ్చి బండి ఆపుతున్నాడు. అతనిది తర్లగూడ. బజారులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణంలో ఆపరేటరు, అందువల్ల ప్రతి సమస్యకూ ఒక ఫారం ఉంటుందని నమ్ముతాడు.

లచ్చు జరిగింది చెప్పాడు.

"ఆమె దేవుడనుకుని నువ్వు పువ్వులేసినవు," అన్నాడు నవీన్‌కుమార్ నెమ్మదిగా. "నీ దేవుడనుకుని ఆమె దీపం పెట్టింది. లచ్చన్నా, మీరిద్దరు కలిసి ఉత్త చెట్టును దేవుణ్ని చేసిండ్రు."

"నవ్వకు తమ్ముడూ," అంది జోగే, తను నవ్వుతూ. "ఇప్పుడేంది మరి? నిజం చెప్తే చెట్టు పోతది. చెప్పకుంటే గది పోతది."

"చెట్టు పోతే ఏమైతది?" అన్నాడు నవీన్‌కుమార్. "ఊళ్లె లేవా చెట్లు?"

"కాయలతోటి ఉన్న చెట్టు," అన్నాడు లచ్చు. "ఇంక పండగ గూడ కాలె."

ఆ ఏడు పండుగ ఆలస్యమైంది. పూజారి భార్యాపిల్లలతో సహా మిరప తోటల్లో ఉన్నాడు. కోత అయ్యేదాకా రానని ఫోన్లో చెప్పాడు. దేవత ఆగుతుంది కానీ మిరపకాయ ఆగదని అతని వాదన. దాంతో ఊరంతా మామిడి వైపు చూడకుండా కూర్చుంది.

మూడు రోజులు లచ్చు గదులు వెతికాడు. ఊరికి ఆ కొసన ఒకటి దొరికింది, బస్టాండుకు రెండు కిలోమీటర్లు, బండి ఉన్నవాడికి సరిపోతుంది. లచ్చుకు బండి రాదు. ఇంకొకటి దగ్గరే ఉంది. దాని యజమాని మొదటి ప్రశ్నగా "చుట్టాలొస్తారా?" అని అడిగాడు. లచ్చు నిజం చెప్పాడు. అతను తలుపు వేసుకున్నాడు. మూడోది చూసి వచ్చేసరికి కోసి అత్త గుమ్మంలో కూర్చుని, కట్టు లేని కంటితో గోడ మీది ఎర్రగుర్తు వైపు చూస్తోంది.

"వచ్చే వారం నేను యాడ దిగాలె?" అని అడిగింది.

"చూస్తున్న అత్తా."

"నువ్వేం చూస్తున్నవు? పోయి చెప్పు. అబద్ధం నువ్వు ఆడలే గదా, ఆమెకు ఆమే అనుకుంది. గానీ తెలిసినంక నోరు మూసుకుంటే అది నీదే అయితది."

కోసి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అంత మాట్లాడి అలసిపోయి లోపలికి వెళ్లి పడుకుంది.

నాలుగో రోజు పొద్దున్న, మూడు బకెట్లూ నింపాక, లచ్చు పట్వారిన్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"అమ్మా, నేను మొక్కుతలేను," అన్నాడు.

"ఏందది?"

"చెట్టుకు. నేను ఎన్నడు మొక్కలే. మా ఊళ్లె పండగ కాకముందు మామిడికాయ తినం. మీద పడ్తదేమోనని కింద నడుస్తలేను. అందుకే చుట్టు తిరుగుడు. అది పూజ గాదు, తప్పించుకునుడు."

పట్వారిన్ అతని వైపు చూసింది. చెట్టు వైపు చూసింది. అరుగు మీద దీపం ఇంకా వెలుగుతోంది.

"వెనకాల ఆ జనం?"

"నన్ను చూసి తిరిగిండ్రు."

"మరి పువ్వులెందుకు పెట్టినవు?"

"మీ దేవుడనుకున్న అమ్మా."

లచ్చు ఆమె తెలుగు తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాడు. అవి రాలేదు.

"పదకొండేండ్లు నూనె పోసిన," అంది చివరికి. "మోకాళ్లు నొచ్చినా పోసిన. మా ఆయన పోయిన ఏడు గూడ ఆపలే."

"తప్పైంది."

"నీది కాదులే. నువ్వు మొక్కకుంటేంది, నేను మొక్కిన గదా. చెట్టును మాత్రం కొట్టనియ్య, ఇప్పుడు నా దేవుడే." అని, "ఏ దారి అది? చూపియ్యి," అంది.

పట్వారిన్ కుర్చీలోంచి లేచి ఆవరణ దాటి చివరి గది దాకా రావడం కిరాయిదారులెవరూ ఈమధ్య చూడలేదు. అరుగు మీది దీపంలో నూనె కూడా ఆమె తన ఇంటి వైపు నుంచే పోసి వెళ్లిపోయేది. జోగే కత్తిపీట వదిలి నిలబడింది. నవీన్‌కుమార్ పళ్లు తోముకుంటూ బ్రష్షుతో సహా ఆగిపోయాడు. లచ్చు ముందు, ఆమె వెనక, గది గోడకూ చెట్టు మొదలుకూ మధ్య సందులోకి వెళ్లారు. లచ్చు అటు బయటపడి తిరిగి చూస్తే ఆమె సందు నడుమ ఆగి ఉంది. కుడిచెయ్యి చాచింది, చెట్టు తగల్లేదు. ఎడమచెయ్యి నడుము మీద పెట్టుకుంది, గోడ తగల్లేదు.

"లచ్చూ," అంది, "నేను పట్టిన కాడ నాలీ పట్టదా?"

గేటు దగ్గర నిలబడి చూస్తే చెట్టూ గదీ ఒకదానికొకటి అంటుకున్నట్టు కనబడతాయి. ఇన్నేళ్లూ కిటికీలోంచి ఆమెకూ అలాగే కనబడింది. రోజూ ఆ సందులో నడిచే లచ్చు కూడా దాన్ని సందుగా కాక దారిగానే ఎరుగును.

ఆమె నవీన్‌కుమార్‌ను లోపలికి పంపి, మంచం కింది ఇనప్పెట్టెలోంచి భర్త కొలతల గొలుసు తెప్పించింది. పట్వారీ బతికుండగా జిల్లాలో సగం పొలాలు కొలిచిన గొలుసు అది. ఆయన పోయాక దాన్ని ఎవరూ విప్పలేదు. తుప్పు పట్టి, కడియాలు బిగుసుకుపోయి, నవీన్‌కుమార్ లాగుతుంటే కిర్రుమని అరిచింది. ఒక కొస జోగే గోడకు ఆనించి పట్టుకుంది, రెండో కొస లచ్చు చెట్టు దగ్గర పట్టుకున్నాడు. పట్వారిన్ వంగలేదు కనుక నిలబడే చదివింది. నాలుగున్నర అడుగులు.

వారం తిరిగాక ఠేకేదారు మనిషి వచ్చాడు. పట్వారిన్ అతన్ని గేటు దగ్గర నిలబడనివ్వలేదు, నేరుగా సందులోకి తీసుకుపోయి నిలబెట్టింది.

"నీ నాలీ ఎంత వెడల్పు?"

"రెండు అడుగులు."

"ఇది?"

అతను జేబులోంచి టేపు తీశాడు. మొన్న కూడా అది జేబులోనే ఉంది. కొలిచి, మళ్లీ కొలిచి, కాగితం మీద గీత కొట్టేసి, పక్కన ఇంకో గీత గీశాడు.

"నడుమల నుంచి పోతది," అన్నాడు.

"గోడ మీద రంగు?" అని అడిగింది జోగే.

"అదా. వానకు పోతది."

అలా గది నిలిచింది. చెట్టూ నిలిచింది. లచ్చు దారిని తవ్వి, సిమెంటు పోసి, కాలువ చేశారు. ఆ పద్దెనిమిది రోజులూ సందు మూతపడింది, గేటు వైపు ఇసుక గుట్ట పోశారు. నల్లాకు పోవాలంటే చెట్టు కింద నుంచి పదకొండు అడుగులు నడవడం తప్ప వేరే మార్గం లేకపోయింది. మొదటి రోజు పొద్దున్న లచ్చు బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, పట్వారిన్ కిటికీలోంచి, జోగే పొయ్యి దగ్గర నుంచి, నవీన్‌కుమార్ నల్లా దగ్గర నుంచి, కట్టు విప్పించుకుని రెండు కళ్లతోనూ కోసి అరుగు మీద నుంచి, అతనేం చేస్తాడోనని చూశారు.

అప్పటికి మిరపకోత అయి పూజారి ఊరికి వచ్చాడు, పండుగ జరిగి తొమ్మిది రోజులైంది. చెట్టు మీద కాయలు కూడా లేవు, నవీన్‌కుమార్ అంతకు ముందు ఆదివారమే దులిపేశాడు. లచ్చు తిన్నగా పదకొండు అడుగులు నడిచి, నల్లా కింద బకెట్టు పెట్టాడు.